లాంకాస్టర్‌లో కొన్న అమిష్ టమాటాకి విత్తనం తీయడం: పండు కంటే ముందు మొక్కని చూడాలి

మీ ప్రశ్న చదివాను. పోయిన శనివారం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ వెళ్ళి, ఓ అమిష్ (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ వర్గం) ఇంటి ముందు బల్ల మీద పెట్టిన గులాబీ రంగు టమాటాలు నాలుగు కొన్నానన్నారు. రుచి నచ్చి, రెండు పండ్ల గింజలు తీసి సీసాలో వేశారు. ఇప్పుడు దాని మీద తెల్లగా బూజు పట్టింది, వంటింట్లో వాసన, మీ వారేమో బయట పారేయమంటున్నారు. వచ్చే వేసవికి ఇవే కాయలు కాస్తాయా, గుంటూరులో ఉన్న మీ అమ్మగారికి నాలుగు గింజలు పంపొచ్చా అని అడిగారు.

బూజు సంగతి ముందు చెప్పేస్తాను. అది రావాలి, వచ్చింది. పారేయకండి. సీసా గరాజ్‌లో పెట్టండి, ఇంట్లో గొడవ తగ్గుతుంది. ఎప్పుడు కడగాలో కింద రాస్తాను. నిజానికి ఆలోచించాల్సింది బూజు గురించి కాదు. ఆ పండు కాసిన మొక్కని మీరు చూడలేదు కదా, ఆ సంగతి.

మా ఇల్లు చెస్టర్ కౌంటీలో, బ్రాండీవైన్ వాగుకి దగ్గర్లో. లాంకాస్టర్ అమిష్ ఊళ్ళు కారులో ముప్పావుగంట. పదిహేనేళ్ళుగా పెరట్లో ఏటా పాతిక, ముప్పై టమాటా మొక్కలు పెంచుతున్నాను. మొదటి ఏడు నేనూ మీలాగే చేశాను. బల్ల మీద ఎర్రగా, గుండ్రంగా, ఒక్క మచ్చ లేకుండా మెరుస్తున్న పండ్లు కొన్నాను. అమిష్ వాళ్ళది కాబట్టి తాతల నాటి విత్తనమే అయ్యుంటుందని నాకు నేనే అనేసుకున్నాను, ఎవరినీ అడగలేదు. గింజలు కడిగి ఆరబెట్టి, మార్చిలో నారు పోసి, మేలో 24 మొక్కలు నాటాను. ఆగస్టులో చూస్తే 24 మొక్కలూ తలో రకం. కొన్ని అచ్చు తల్లిలా ఉన్నాయి, కొన్ని నిమ్మకాయంత, కొన్నిటికి తోలు మందం, లోపల డొల్ల. ఒక మొక్కయితే సెప్టెంబరు దాకా పండనే లేదు. అది హైబ్రిడ్ అని అప్పుడు తెలిసింది.

హైబ్రిడ్ అంటే మీకు తెలిసే ఉంటుంది: వేరువేరు తల్లిదండ్రుల్ని కలిపి కంపెనీవాళ్ళు తయారుచేసిన మొదటి తరం. ఆ తరంలో మొక్కలన్నీ ఒక్క పోతలో ఉంటాయి. దాని గింజ మళ్ళీ వేస్తే రెండో తరంలో తాత పోలికలు, అమ్మమ్మ పోలికలు అన్నీ విడివిడిగా బయటికి వస్తాయి. తినడానికి పనికొస్తాయి, కానీ ‘అదే పండు’ మాత్రం రాదు. మన దగ్గర రైతులు ‘సూటి రకం’ అంటారే, తన గింజ నుంచి తనే మళ్ళీ పుట్టేది, అలాంటిదయితేనే విత్తనం దాచుకోవడానికి అర్థం ఉంటుంది. ఇక్కడ ఎయిర్‌లూమ్ అనేవన్నీ తరాలుగా చేతులు మారుతూ వచ్చిన సూటి రకాలే.

అమిష్ వాళ్ళ గురించి మనకి ఒక బొమ్మ పడిపోయింది. గుర్రబ్బండి, కరెంటు లేని ఇల్లు, నల్ల టోపీ, కాబట్టి పొలంలో మందులుండవు, విత్తనం ముత్తాతల నాటిది అని. అది మన ఊహే. పదిహేడో శతాబ్దం చివర్లో, 1693 ప్రాంతంలో, స్విట్జర్లాండ్, అల్సాస్ వైపు జేకబ్ అమ్మాన్ వెనక చీలిన వర్గం వీళ్ళది. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరారు. ఇప్పుడు అమెరికాలో నాలుగు లక్షల దాకా ఉన్నారు. ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అనేది ఏ సంఘానికి ఆ సంఘం కట్టుకున్న నియమం. ట్రాక్టరు పొలంలో దిగకూడదని కట్టుబాటు ఉన్నచోట కూడా హైబ్రిడ్ గింజ వేయకూడదనీ, మందు కొట్టకూడదనీ నియమం మామూలుగా ఉండదు. కంచర గాడిదలు కట్టి దున్నిన మళ్ళోనే కంపెనీ హైబ్రిడ్ నారు నాటి, పెట్టెలకి పెట్టెలు కూరగాయల వేలానికి తోలే కుటుంబాలు బోలెడు. వేలంలో కొనేవాడికి కావలసింది దెబ్బ తగలని, ఒకే సైజు పండు. దానికి హైబ్రిడ్డే సరి. వాళ్ళు వ్యవసాయం చేసి బతకాలి కదా, మన మోజు కోసం చెయ్యరు. ఇందులో మోసం ఏమీ లేదు. బల్ల మీద ‘టమాటాలు’ అనే రాస్తారు. తక్కినది మనం కల్పించుకుంటాం.

మరి పాత విత్తనం ఎక్కడుంటుందంటే, ఇంటి వెనక. రోడ్డు వైపు కనబడే పొలం అమ్మకానికి. బట్టలు ఆరేసే తాడు పక్కన, వంటింటి గుమ్మానికి దగ్గరగా ఉండే మడి ఇంటికి. ఆ మడి ఆడవాళ్ళది. అందులో పాత చిక్కుడు, పాలకూర, శీతాకాలం పెళ్ళిళ్ళకి సెలెరీ, ఓ పక్కన నాలుగైదు రకాల టమాటాలు. లాంకాస్టర్ పెళ్ళి విందులో సెలెరీ లేకుండా జరగదు. అందుకే వేసవిలో ఏ ఇంటి మడిలోనైనా సెలెరీ మరీ ఎక్కువ కనబడితే, ఆ ఇంట్లో పిల్ల పెళ్ళి కుదిరిందని చుట్టుపక్కలవాళ్ళు గుసగుసలాడుకుంటారు. సరే, మన టమాటాల్లోకి వద్దాం.

నాకు ఈ విద్య నేర్పింది అలాంటి మడి ఉన్న ఓ పెద్దావిడ. మూడేళ్ళు వరసగా ఆవిడ దగ్గరే కూరగాయలు కొన్నాక, నాలుగో ఏడు అడిగాను, ఈ విత్తనం మీదేనా, కొన్నదా అని. ‘ఇది ఎయిర్‌లూమా’ అని అడిగితే అది ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్నే, దానికి తల ఊపేస్తారు. ‘గింజ మీరు తీస్తారా’ అంటే ముఖం మారుతుంది. ఆవిడ వెనక మడికి తీసుకెళ్ళింది. జులై చివరి వారం. కర్రలకి కట్టిన టమాటా మొక్కలు ఓ పన్నెండు ఉంటాయి. వాటిలో నాలుగింటి మొదట్లో, నేలకి జానెడు ఎత్తున, చిరిగిన నీలం గుడ్డ పీలికలు ముడేసి ఉన్నాయి. పాత గౌను చింపినట్టుంది. అవి విత్తనానికి వదిలిన మొక్కలట. అప్పటికి ఇంకా ఒక్క పండు కూడా పండలేదు!

నాకు చప్పున మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పందిరి మీద విత్తనానికి వదిలిన సొరకాయకి గుడ్డ కట్టేది, పిల్లలు కొయ్యకుండా. కానీ అమ్మమ్మ కాయకి కట్టేది, ఈవిడ మొక్కకి కట్టింది. ఎందుకని అడిగితే ఒక్కో మొక్కే చూపిస్తూ చెప్పింది. ఇది పూత ముందు వేసింది. ఇది వాన పడ్డ వారం కింది ఆకులు మచ్చపడకుండా నిలబడింది. ఇది కాపు ఎక్కువ, కానీ కాయ తొడిమ దగ్గర పగులుతుంది, అందుకే దానికి గుడ్డ లేదు. ఆగస్టు వచ్చాక రుచి చూసి ఆ నాలుగులోనూ ఒకటో రెండో పీలికలు విప్పేస్తుందట. అంటే ఆవిడ విత్తనం ‘తీసేది’ సెప్టెంబరులో, ‘ఎంచేది’ జులైలో.

ఓ మాట, ఎప్పుడైనా వెళ్తే ఫోటోలు మాత్రం తీయకండి, ముఖాలు ఫోటోలో పడడం వాళ్ళకి ఇష్టం ఉండదు. ఆదివారం అమ్మకాలుండవు. ఇంకో తమాషా ఏమిటంటే, తమవాళ్ళు కానివాళ్ళందరినీ ‘ఇంగ్లిష్’ అనే అంటారు. చీరాల నుంచి వచ్చిన నన్ను కూడా ఆ పెద్దావిడ తన మనవడికి ‘ఇంగ్లిష్’ అనే పరిచయం చేసింది.

ఇక మీ పండుకి వద్దాం. మీ చేతిలో ఉన్నది రెండు పండ్ల గింజలు, ఒకే మొక్కవి కావచ్చు, రెండు మొక్కలవి కావచ్చు. ఆ మొక్కకి తెగులుందా, అది పది కాయలు కాసిందా వంద కాసిందా, పక్కన ఏ రకం ఉంది, ఏదీ తెలియదు. కాబట్టి వచ్చే ఏడాదిని విత్తనం తీసే ఏడాదిగా లెక్కేసుకోకండి. పరీక్ష చూసే ఏడాది అనుకోండి. పది, పన్నెండు మొక్కలు వేసి, అన్నీ ఒకేలా వస్తే సూటి రకమన్నమాట. అప్పుడు వాటిలోంచి మీరు ఎంచుకోవచ్చు. తలో రకం వస్తే హైబ్రిడ్, పప్పులో వేసుకుని వదిలేయండి.

మీరు కొన్న పండు బ్రాండీవైన్ అనే పాత రకం కావచ్చునని మీ ప్రశ్న కింద ఇంకొకరు రాశారు. గులాబీ రంగు, పెద్ద సైజు, మడతలు పడ్డ భుజాలు అన్నారు కాబట్టి కావచ్చు. కానీ ‘బ్రాండీవైన్ అంటే అమిష్ వాళ్ళ టమాటా’ అనేది పూర్తిగా నమ్మకండి. గుడికో స్థలపురాణం ఉన్నట్టే ఇక్కడ ప్రతి పాత టమాటాకీ ఓ పురాణం ఉంటుంది. బ్రాండీవైన్ పేరుతో ఫిలడెల్ఫియాకి చెందిన జాన్సన్ అండ్ స్టోక్స్ అనే విత్తన కంపెనీ 1889లో ఒక టమాటా అమ్మింది. అది ఎర్రది. ఇప్పుడు అందరూ మెచ్చుకునే గులాబీ బ్రాండీవైన్ ఒహాయోలో బెన్ క్విసెన్‌బెరీ అనే పెద్దాయన చేతుల మీదుగా బయటికి వచ్చింది. ఆయనకి ఇచ్చింది డారిస్ సడత్ హిల్. టెనెసీలో వాళ్ళ కుటుంబం తరాలుగా పెంచుకున్న విత్తనమది. ఇందులో అమిష్ వాళ్ళ పాత్రకి గట్టి ఆధారం నాకైతే ఎక్కడా కనబడలేదు. మా వాగు పేరు పెట్టుకుంది కాబట్టి నాకు దాని మీద అభిమానమే, అయినా ఉన్న మాట చెప్పాలి.

పేరులోనే ‘అమిష్’ ఉన్నది అమిష్ పేస్ట్. కన్నీటి చుక్క ఆకారంలో, కొన్నిసార్లు ఎద్దు గుండెలా బరువుగా, ఒక్కోటి పావుకిలో దాకా తూగే ఎర్ర పండు. గుజ్జు ఎక్కువ, గింజ తక్కువ. విత్తనాల కేటలాగులు దీన్ని 1870లలో విస్కాన్సిన్ రాష్ట్రం మెడ్‌ఫర్డ్‌లోని అమిష్ కుటుంబాల దగ్గర దొరికిందని రాస్తాయి. కొందరు కాదు, లాంకాస్టర్‌దే అంటారు. చిక్కేమిటంటే మెడ్‌ఫర్డ్‌లో అమిష్ వాళ్ళు స్థిరపడింది 1920ల్లో. 1870 లెక్క నాకు పొసగదు. పురాణం ఎలా ఉన్నా పండు మంచిది. స్లో ఫుడ్ అనే సంస్థవాళ్ళు అంతరించిపోకుండా కాపాడాల్సిన తిండి రకాల జాబితాలో దీన్ని చేర్చారు. ఇంకో సంగతి, ఈ టమాటాలేవీ అమిష్ వాళ్ళు యూరప్ నుంచి మూట కట్టుకొచ్చినవి కావు. అమెరికాలో టమాటా ఇంటింటా తినడం మొదలైందే పంతొమ్మిదో శతాబ్దంలో. ఇక్కడికి వచ్చాక ఇరుగుపొరుగు దగ్గర తీసుకుని, తమ మడిలో నిలబెట్టుకున్నవి.

నిలబెట్టుకోవడంలో వాళ్ళ గొప్పతనం ఎక్కడుందంటే, ఒకే విత్తనం అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో, పెళ్ళయి వెళ్ళిన కూతుళ్ళ ఇళ్ళల్లో విడివిడిగా బతుకుతుంటుంది. ఒకరింట్లో వడగళ్ళకో తెగులుకో పోతే, మరుసటి ఏడు ఇంకొకరింటి నుంచి తిరిగి వస్తుంది. ఇదే పనిని బయట సంస్థగా చేసినవాళ్ళు కెంట్ వీలీ, డయాన్ ఆట్ వీలీ దంపతులు. 1975లో మొదలుపెట్టిన సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ ఇప్పుడు అయోవా రాష్ట్రం డెకోరాలో ఉంది. మీకు దగ్గరలో అయితే లాంకాస్టర్‌లోనే లాండిస్ వ్యాలీ మ్యూజియం ఉంది, పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాల పాత విత్తనాల్ని వాళ్ళు ప్రత్యేకంగా పెంచి కాపాడుతున్నారు. పేరు తెలియని పండు గింజతో తంటాలు పడే కంటే, అలాంటి చోట పేరున్న విత్తనం ఒక పొట్లం కొని దానితో మొదలుపెట్టడం సుఖం. మీ పండు మీద మనసు పడ్డారు కాబట్టి రెండూ వేసుకోండి.

ఇప్పుడు కలగాపులగం కాకుండా చూసుకోవడం. టమాటా పువ్వులో పుప్పొడి గొట్టంలాంటి కేసరాల లోపల ఉంటుంది, పుప్పొడిని అందుకునే కీలాగ్రం ఆ గొట్టం మధ్యలో ఉంటుంది. గాలికి పువ్వు ఊగితే దాని పుప్పొడి దాని మీదే పడుతుంది. అందుకే గుమ్మడి, దోసలతో పోలిస్తే టమాటా విత్తనం తీయడం చాలా తేలిక. మామూలు రకాల మధ్య పది అడుగుల ఎడం ఉంటే పెరటికి చాలు. అయితే కొన్ని పాత రకాల్లో, ముఖ్యంగా బ్రాండీవైన్ లాంటి వాటిలో, కీలాగ్రం గొట్టం దాటి బయటికి తొంగిచూస్తుంది. తేనెటీగ వాలితే పక్క మొక్క పుప్పొడి అంటిస్తుంది. వీటికి పాతిక, ముప్పై అడుగులు కావాలి. మన పెరళ్ళలో అంత జాగా ఎక్కడిది?

దీనికి మన ఇళ్ళల్లోనే పరికరం ఉంది. పెళ్ళిళ్ళకి, సీమంతాలకి రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇస్తారే, దారం లాగితే మూతి బిగిసే పల్చటి నెట్ సంచులు, అవి. పువ్వు విచ్చకముందే గుత్తి మొత్తానికి తొడిగి వదులుగా ముడేయండి. రోజూ పొద్దున పదింటి వేళ సంచి మీద వేలితో రెండుసార్లు తట్టండి. పిందెలు శనగగింజంత అయ్యాక సంచి తీసేసి, గుత్తి కాడకి ఎర్ర ఊలు దారం కట్టండి. దారం కట్టడం మర్చిపోతే మొత్తం శ్రమ వృథా, నేను రెండుసార్లు మర్చిపోయాను.

ఇంకో చిట్కా చెప్తాను. బ్రాండీవైన్ గులాబీ రకం ఆకు మామూలు టమాటా ఆకులా రంపపు అంచుతో ఉండదు, బంగాళాదుంప ఆకులా నున్నగా ఉంటుంది. ఈ నున్నటి ఆకు గుణం అణిగి ఉండే గుణం. తల్లి నున్నటి ఆకుదై, దానికి రంపపు ఆకు మొక్క పుప్పొడి తగిలితే, పుట్టే పిల్లల ఆకు రంపంలా వస్తుంది. కాబట్టి నారుమడిలోనే తేలిపోతుంది: నున్నటి ఆకుల మధ్య రంపపు ఆకు కనబడితే అది బయటి సంబంధం, పీకేయడమే. అమిష్ పేస్ట్‌కి ఈ సౌకర్యం లేదు, దాని ఆకు మామూలుదే.

ఎన్ని మొక్కల నుంచి తీయాలంటే, కనీసం ఐదారు పెంచి, వాటిలో మంచివి మూడు నాలుగింటి గింజలు కలపండి. అన్నిటికంటే పెద్ద పండు నుంచి తీయాలని అందరికీ తోస్తుంది. అది చాలాసార్లు తప్పు. ఒక్క పెద్ద కాయ కాసి పది చిన్నవి కాసిన మొక్క కన్నా, ఇరవై కాయలు ఒకే తీరుగా కాసిన మొక్క మేలు. అమిష్ పేస్ట్‌లో ఇంకో జాగ్రత్త. కాయ అడుగున నల్లగా తోలులా మారి కుళ్ళుతుంది. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకుండా పోస్తే కాయకి కాల్షియం అందక అలా అవుతుంది. మొదటి గుత్తిలో రెండు కాయలు అలా అయితే కంగారు పడక్కర్లేదు. కానీ ఒకేలా నీళ్ళు పోసినా, పక్క మొక్కలు బాగుండి, ఒక్క మొక్కే వేసవంతా అలా చేస్తే దాని విత్తనం ముట్టుకోకండి. ఎంచిన పండుని మొక్క మీదే బాగా మెత్తబడేదాకా వదలండి. కూరకి కోసే దశ దాటి ఇంకో నాలుగైదు రోజులు.

గింజ తీయడం. పండుని అడ్డంగా కోసి, గింజలూ జిగురూ కలిపి గాజు సీసాలోకి పిండండి. అమిష్ పేస్ట్ అయితే ఒక పండుకి కొన్ని గింజలే వస్తాయి, చిన్నబుచ్చుకోకండి. సీసా మూడోవంతుకి మించి నింపొద్దు. నీళ్ళు కలపకపోవడమే మంచిది, మరీ చిక్కగా ఉంటే రెండు చెంచాలు. మూతి మీద పల్చటి గుడ్డ కట్టి, ఎండ తగలని చోట 70 నుంచి 80 ఫారెన్‌హీట్ మధ్య పెట్టండి. గింజ చుట్టూ ఉండే జిగురులో మొలకని ఆపే పదార్థం ఉంటుంది, లేకపోతే తడి పండులోనే గింజ మొలిచేస్తుంది కదా. పులిస్తే ఆ జిగురు కరిగిపోతుంది, గింజ ద్వారా పాకే కొన్ని బ్యాక్టీరియా తెగుళ్ళూ తగ్గుతాయి. రోజుకోసారి పుల్లతో కలపండి. రెండో రోజుకో మూడో రోజుకో పైన తెల్లటి పొర కడుతుంది, అంచుల్లో బుడగలు వస్తాయి, వాసన గురించి మీకు చెప్పక్కర్లేదు. వేలి మధ్య ఒక గింజ నలిపి చూడండి, జారిపోకుండా గరుకుగా తగిలితే అయిపోయినట్టే.

ఇక్కడ ఆలస్యం చేస్తే చెడుతుంది. ఒకసారి లాంగ్ వీకెండ్‌కి బోస్టన్ వెళ్ళి ఐదో రోజు వచ్చాను. సీసాలో సగం గింజలకి తెల్లటి తోకలు వచ్చేశాయి. మొలిచిన గింజని మళ్ళీ ఆరబెట్టలేం.

సీసా నిండా నీళ్ళు పోసి గట్టిగా కలిపి ఒక నిమిషం వదలండి. గట్టి గింజ అడుక్కి దిగుతుంది, తాలు గింజ, తోలు ముక్కలు, బూజు పైకి తేలతాయి. తేలినదాన్ని మెల్లగా ఒంచేయండి, బియ్యం కడిగినట్టే. నాలుగైదు సార్లు చేస్తే నీళ్ళు తేటపడతాయి. టీ వడగట్టుతో వడగట్టి, దాని అడుగు భాగాన్ని ఓ గుడ్డతో ఒత్తి తడి లాగేయండి. స్టీలు పళ్ళెంలోనో పింగాణీ పళ్ళెంలోనో ఒక్క పొరగా పరచండి. పేపర్ టవల్ మీద వేస్తే అతుక్కుపోతాయి, వాటిని పీకడం విసుగు. మర్నాడు వేళ్ళతో నలిపి ముద్దలు విడదీయండి, అప్పుడు గింజలు సన్నటి నూగుతో బూడిద రంగులో, ఒక్కోటి విడివిడిగా కనబడతాయి. ఎండలో పెట్టొద్దు, ఓవెన్ దగ్గరికి తేవద్దు. ఫ్యాను కింద రెండు వారాలు. గింజని వంచితే పుటుక్కున విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉంది.

ఒక్క విషయంలో మాత్రం అమిష్ ప్రాంతంలో కొన్న పండుకి అదనపు జాగ్రత్త అవసరం. లాంకాస్టర్‌లో పొగాకు పంట ఎప్పటినుంచో ఉంది, అమిష్ రైతులు ఇప్పటికీ వేస్తారు. పొగాకు, టమాటా, మిరప, వంకాయ అన్నీ ఒక కుటుంబం. పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా, బట్టల ద్వారా పాకుతుంది, గింజ పైతొక్కకి అంటుకుని మిగిలిపోతుంది. పులియబెడితే వైరస్ పోదు. దానికి ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే రసాయనం పది శాతం ద్రావణంలో పదిహేను నిమిషాలు నానబెట్టి బాగా కడగాలి. బ్యాక్టీరియా భయమైతే సరిగ్గా 122 ఫారెన్‌హీట్, అంటే 50 సెల్సియస్ వేడి నీళ్ళలో 25 నిమిషాలు. థర్మామీటరు లేకుండా అంచనాతో చేస్తే గింజ ఉడికిపోతుంది, అంతకంటే చేయకపోవడం నయం. మీ ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్ళుంటే నారు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమనండి. నారు నాటేటప్పుడు చేతులు పాలలో ముంచుకుంటే వైరస్ పాకడం తగ్గుతుంది, ఇది చాదస్తం కాదు. లేట్ బ్లైట్ అనే తెగులు గురించి అడిగేవాళ్ళకి: 2009లో ఈ ఈశాన్య రాష్ట్రాల్లో టమాటాల్ని తుడిచిపెట్టింది అదే. అది ఎక్కువగా దుకాణాల్లో కొన్న నారుతో వచ్చింది, ఇంట్లో దాచిన గింజతో కాదు. సొంత నారు పోసుకోవడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

దాచడం తేలిక. మా ఊళ్ళో బీర, గుమ్మడి గింజలు పేడలో కలిపి గోడకి పిడకలా కొట్టేవాళ్ళు, కొందరు బూడిద పట్టించి కుండలో పోసేవాళ్ళు. పొడిగా ఉంచడం, పురుగు రాకుండా చూడడం, రెండిటి ఉద్దేశం అదే. ఇక్కడ కాగితం కవరులో వేసి, కవర్లన్నీ మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి, ఫ్రిజ్‌లో పెట్టండి. గదిలో అయితే నాలుగైదేళ్ళు, ఫ్రిజ్‌లో అయితే పదేళ్ళు దాటినా మొలుస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, తెరిస్తే తేమ లోపలికి పోతుంది.

మీ ప్రాంతానికి పంట లెక్క: మార్చి ఆఖరులో ఇంట్లో నారు, మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటాక బయట నాటడం. అమిష్ పేస్ట్‌కి నాటిన దగ్గర్నుంచి 80, 85 రోజులు పడుతుంది, మొక్క ఆగకుండా పెరుగుతుంది కాబట్టి ఆరడుగుల గట్టి కర్ర కావాలి. దాని నారు సన్నగా వాలిపోయినట్టు ఉంటుంది. నీళ్ళు చాల్లేదేమోనని కొత్తవాళ్ళు తెగ పోసేస్తారు. అది దాని తీరు, వదిలేయండి. వంట విషయానికొస్తే ఈ పాత రకాల్లో తీపి, గుజ్జు ఎక్కువ, పులుపు తక్కువ. పప్పుకి, కూరకి బ్రహ్మాండం. రోటి పచ్చడికి మాత్రం చింతపండు తగలాలి, లేకపోతే చప్పగా ఉంటుంది. అక్టోబరు మధ్యలో మంచు పడేలోపు మొక్క మీద మిగిలిన పచ్చికాయలన్నీ దులిపేసి పచ్చి టమాటా పచ్చడి చేసుకోండి.

ఇక గుంటూరు. మీ అమ్మగారికి గింజలు పంపొద్దు. విత్తనం ఇండియాలోకి తేవాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు, పురుగులు లేవని అధికారులిచ్చే పత్రం) ఉండాలి. కవర్లో పెట్టి పోస్టులో వెయ్యడం, సూట్‌కేసులో చీర మడతల్లో దాచడం రెండూ తప్పే. అటు నుంచి ఇటు తేవడానికీ సరైన కాగితాలు కావాలి, టమాటా, మిరప గింజలకయితే ఆంక్షలు మరీ గట్టివి. ఈ మధ్య వచ్చిన టమాటా వైరస్‌లు గింజ వెంటే దేశాలు దాటుతున్నాయి, అందుకే అంత పట్టుదల. మనవాళ్ళు ఏటా గోంగూర గింజలు, దోస గింజలు తెచ్చేస్తున్నారని నాకూ తెలుసు. తప్పు తప్పే.

చట్టం పక్కన పెట్టినా అక్కడ అది కాయడం కష్టం. రాత్రి వేడి 75 ఫారెన్‌హీట్ దాటితే ఇలాంటి రకాల పూత రాలిపోతుంది. అక్టోబరులో నాటి చలికాలంలో కాపు తీయాలని చూసినా, తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ ముందు ఈ అమెరికా పాత రకాలు నిలబడవు. మీ అమ్మగారికి విత్తనం దాచుకునే సరదా ఉంటే పూసా రూబీ గానీ అర్కా వికాస్ గానీ అక్కడే కొనిపించండి. రెండూ సూటి రకాలే, పైన చెప్పిన పద్ధతే వాటికీ. పూసా రూబీ తల్లిదండ్రుల్లో ఒకటి సూ అనే అమెరికా రకమే, నెబ్రాస్కాలో పుట్టింది. కాబట్టి అమెరికా టమాటా చుట్టరికం గుంటూరు పెరటికి ఎప్పుడో కలిసింది.

మీ సీసాని శనివారం రాత్రి పెట్టానన్నారు, ఇవాళ మంగళవారం. వేడి 80 దగ్గర ఉంది కాబట్టి ఇంకో రోజు ఆగక్కర్లేదు, ఈ సాయంత్రమే కడిగేయండి. కవరు మీద ‘గులాబీ, పెద్దది, లాంకాస్టర్ బల్ల, రెండు పండ్లు, పేరు తెలియదు’ అని తేదీతో రాయండి. బ్రాండీవైన్ అని మాత్రం రాయొద్దు, రాస్తే రెండేళ్ళలో మీరే నమ్మేస్తారు. మిగిలిన రెండు పండ్లు ఇంకా ఉంటే వాటి గింజలు కలపకుండా వేరే సీసాలో వేయండి. మార్చిలో పన్నెండు గింజలు నారు పోసి, మొలకతో వచ్చే రెండు ఆకులు కాక మూడో నిజమైన ఆకు వచ్చాక దగ్గరి నుంచి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ఆకు అంచు నున్నగా ఉందో రంపంలా ఉందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.